అవ్వ నాటిన దిష్టి కలబందలు

మా పక్కింటి అవ్వ ఇక లేదు. నిజామాబాద్ ఆస్పత్రి నుంచి ఆమె కొడుకు ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, మా అవ్వ పోయింది" అన్నాడు. ఫోన్ పెట్టేసి నేను ముందుగా చూసింది మా దర్వాజకు వేలాడుతున్న కలబందను. అది అవ్వ అడిగిన చెట్టు.

బోధన్‌లో మా గల్లీ అంతా దిష్టి తగలకుండా దర్వాజకు కలబందను తలకిందులుగా కడతాం. మట్టీ నీళ్లూ లేకున్నా అది నెలల తరబడి బతుకుతుంది. వాడిపోయాక పారేసి కొత్తది కడతాం. చర్చికి పోయే అవ్వకు దిష్టితో పనిలేదు. మేం పారేసినవాటిలో ఇంకా ప్రాణమున్నవన్నీ ఏరుకొచ్చి, పాత రంగు డబ్బాల్లో నాటి అరుగు మీద పెట్టేది.

"అందరి దిష్టి మోసిన చెట్టును ఇంట్ల పెట్టుకుంటవా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

"మోసి మోసి అలిసిపోయింది బిడ్డా. జర కూసోనియ్యి."

చెరకు ట్రాక్టర్లు తిరిగే రోజుల్లో ఆకుల మీద పడ్డ దుమ్మును తడిగుడ్డతో తుడిచేది. బీడీలు చుట్టి వేళ్లు పగిలినవాళ్లు వస్తే ఒక ఆకు కోసి గుజ్జు రాసేది. నా వేళ్లకూ చాలాసార్లు రాసింది. నీళ్లు మాత్రం ఎవర్నీ పోయనిచ్చేది కాదు. "దీన్ని యాది మరిసినట్టు ఉండాలె. ఊకె పోస్తే మురుగుతది" అనేది.

కిందటేడు మా దర్వాజకున్న కలబంద మీద ఆమె కన్ను పడింది. "గా చెట్టు నాకియ్యరాదు?" అంది. పచ్చగా ఉన్నదాన్ని దింపితే ఇంటికి మంచిది కాదని మా నమ్మకం. "ఎండినంక ఇస్త అవ్వా" అన్నాను. "ఎండినంక నేనేం జేసుకోను?" అని నవ్వింది. ఆ చెట్టు ఎండలేదు, అవ్వే ముందు పోయింది. ఇచ్చేస్తే ఏమయ్యేదని ఇప్పుడు అనిపిస్తోంది.

అవ్వను మట్టి చేశాక గల్లీ ఆడవాళ్లం రోజూ ఆ ఇంటికి పోయి కూర్చునేవాళ్లం. వచ్చిన ప్రతి ఒక్కరూ డబ్బాల్లో ఒక చెంబు నీళ్లు పోశారు. నేనూ పోశాను. వద్దని అవ్వ చెప్పిన సంగతి అందరికీ తెలుసు. అయినా ఆ అరుగు ముందు ఉత్త చేతులతో నిలబడబుద్ధి కాలేదు. కొన్నాళ్లకు ఆకులు మెత్తబడ్డాయి. పట్టుకుంటే మొదలుతో సహా చేతికి ఊడొచ్చాయి. ఒక్కటీ మిగల్లేదు.

మొన్న మా దర్వాజకు ఉన్నదాన్ని పచ్చగా ఉండగానే దింపాను. అవ్వ డబ్బాలో పొడిమట్టి పోసి నాటి, ఆమె అరుగు మీదే పెట్టాను. వేరు పట్టేదాకా చుక్క నీరు తగలొద్దు. వేరు పట్టిందో లేదో అవ్వ ఆకు తాకి చెప్పేది. నాకు తెలియదు.

పొద్దున లేవగానే కాళ్లు అటే పోతున్నాయి. ఇవాళ కూడా చెంబు పట్టుకుని ఆ డబ్బా ముందు కాసేపు నిలబడి, నిండు చెంబుతోనే ఇంటికి వచ్చాను.