పెట్టల మీద పడ్డ నింద

మాది కథలాపూర్. మా పక్కింటి ఊర్మిలకు పెళ్లయి తొమ్మిదేళ్లు. భర్త విఠల్ దుబాయ్‌లో పని చేస్తాడు, రెండేళ్లకోసారి వస్తాడు. పిల్లలు లేరు. లోపం కోడలిదేనని అత్త శంకరవ్వ ఎప్పుడో తేల్చేసింది. ఊర్మిలను నాలుగు ఆస్పత్రుల్లో చూపించారు. ఎక్కడా ఏ లోపమూ దొరకలేదు. దొరకకపోవడం కూడా ఆమె తప్పే అయింది. విఠల్‌ను మాత్రం ఎవరూ ఎక్కడా చూపించలేదు. మగవాడికి పరీక్షలేంటని శంకరవ్వ అభిప్రాయం. నాకు ఒళ్లు మండేది. కానీ పక్కింటిదాన్ని, ఏం చేస్తాను?

ఈ చలికాలం విఠల్ నాలుగు నెలల సెలవు మీద వచ్చాడు. అప్పుడే వాళ్లింట్లో కోళ్లూ మొండికేశాయి. రెండుసార్లు పొదగేస్తే గుడ్లన్నీ మురిగిపోయాయి. "పెట్టలు గొడ్డువోయినయి" అని శంకరవ్వ రెండింటిని కోయించింది. విఠల్ తిన్నాడు. పుంజుకు మాత్రం చలికాలం మొదలైనప్పటి నుంచీ రాజభోగం. దాని బలం వృథా కావద్దని పెట్టలకు దూరంగా, చీకటి కొట్టంలో, గంప కింద పెట్టి కడుపు నిండా జొన్నలు వేసేది. పొద్దున ఒక్క గంట మాత్రం పెట్టల్లోకి వదిలేది.

మూడో పెట్ట వంతు వచ్చేసరికి ఊర్మిల ఊరుకోలేకపోయింది. పెట్టనూ పుంజునూ చెరో సంచిలో వేసుకుని, విఠల్ బండి మీద అతని వెనక కూర్చుని కోరుట్ల పశువుల దవాఖానకు పోయింది. అక్కడ జరిగింది తర్వాత నాకు ఆమే చెప్పింది.

డాక్టర్ సంధ్యారాణి పెట్టను చూసి పక్కన పెట్టి, పుంజును ఎత్తి పట్టుకుంది. దాని తల మీది తురాయి వాడిపోయి పాలిపోయి ఉంది.

"పెట్టకేం కాలేదమ్మా. పుంజునే మీరు ఖరాబ్ చేసిన్రు. పగలు ఎక్కువుంటేనే దాని ఒంట్ల మగ హార్మోన్ మంచిగ తయారైతది. చలికాలం పగలే తక్కువ, పైన మీ గంప చీకటి. పెట్టలు కండ్ల ముందట తిరగకుంటె ఇంకింత తగ్గుతది. పొద్దుమూకినంక రెండు మూడు గంటలు లైటెయ్యుండ్రి. పెట్టలల్ల ఇడువుండ్రి."

"తప్పు పుంజుదా మేడం?" అని అడిగింది ఊర్మిల.

"పుంజుది కూడ కాదు, దాన్ని గట్ల పెట్టినోళ్లది."

తిరిగొస్తూ విఠలే దారిలో బండి ఆపి బల్బు కొన్నాడట.

కొట్టంలో బల్బు కట్టారు, గంప తీసేశారు. నెల తిరిగేసరికి పుంజు తురాయి ఎర్రబడింది, కూత వీధి చివరిదాకా వినిపించింది. కోతకు పోబోయిన పెట్టే పదకొండు గుడ్లు పొదిగి తొమ్మిది పిల్లలను లేపింది.

శంకరవ్వ పిల్లలను ఒళ్లో పోసుకుని మురిసిపోయింది. "ఉత్తగనే రెండు పెట్టలను కోసుకుంటిమి గదనే. ఒక్కసారన్న పుంజును చూడకపోతిమి" అంది, చూడ్డానికి వెళ్లిన నాతో.

నేను నోరు తెరిచేలోపు ఊర్మిల లోపలి నుంచి వచ్చి, విఠల్ చేతిలో ఒక చీటీ పెట్టింది.

"రేపు కరీంనగర్ల డాక్టర్ దగ్గర నంబర్ రాయించిన. ఈసారి నా పేరు మీద కాదు, మీ పేరు మీద."

శంకరవ్వ తలెత్తి కొడుకు వైపు చూసింది. ఒళ్లో పిల్లలు కిచకిచమంటూనే ఉన్నాయి.

విఠల్ ఆ చీటీని రెండుసార్లు చదివాడు.

"ఎన్ని గంటలకు పోవాలె?" అన్నాడు.