గుమ్మం మీద సుద్ద గుర్తు

అది 2006. అప్పుడు నేను ఏలూరులో శాంపిల్ సర్వే ఇన్వెస్టిగేటర్ని. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో మొదలైన పని ఇది. ఊళ్లో కొన్ని ఇళ్లు మాత్రం ఎంచుకుని, వాళ్లేం తింటున్నారో, దేనికెంత ఖర్చవుతోందో అడిగి, దాన్నిబట్టి దేశం సంగతి అంచనా కట్టాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలియదా అనేవారు మా పాత సూపర్‌వైజర్ గారు. వేళ్ల మధ్య నలిగే మెతుకు సంగతి ఆయనెప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడు కొల్లేరు సరస్సును ఆక్రమించి తవ్వారంటూ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేయిస్తోంది. నా ఖర్మ కొద్దీ సరిగ్గా అప్పుడే నాకో లంక ఊరు పడింది. ముందు లిస్టింగ్ చేశాను, అంటే ప్రతి ఇంటి గుమ్మం మీదా సుద్దముక్కతో నంబరు వేశాను. తర్వాత బడి అరుగు మీద ఒక్కణ్నే కూర్చుని, ర్యాండమ్ నంబర్ల పట్టిక, అంటే ఏ క్రమమూ లేకుండా అంకెలు అచ్చేసిన పుస్తకం చూసి, అందులో వచ్చిన ఇళ్లు ఎంచుకున్నాను. గుర్తుండటానికి ఆ ఇళ్ల గుమ్మాల మీది నంబర్ల చుట్టూ సున్నా చుట్టి భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి రేవు నిండా జనం. సున్నా చుట్టిన ఇళ్లు కూల్చేస్తారని ఊరంతా పాకిపోయిందట. నాగమ్మ గారనే పెద్దావిడ నెలలు నిండిన కోడల్ని పడవెక్కించింది. ఈదురుగాలికి అప్పటికే నీళ్లు పడవలోకి చిమ్ముతున్నాయి. ఆ పిల్ల రెండు చేతులతో కడుపు పట్టుకుని కూర్చుంది. మగవాళ్లు నా చుట్టూ మూగారు. నన్ను తెచ్చిన పడవవాడు కూడా మొహం తిప్పుకున్నాడు. నాకేమో ఈత రాదు.

కూల్చడానికి కాదని ఒట్టు వేశాను. వలలు వేసే చోట్లకు మీరు చీటీలు తీసుకుంటారే, మీ ఇల్లూ అలాగే వచ్చిందని నాగమ్మ గారిని బతిమాలాను.

ఆవిడ గొంతు పెంచలేదు. "మా చీటీలు అందరి ముందూ తీస్తామండీ. మీది ఎవరు చూశారండీ?"

అక్కడే మట్టిలో చతికిలబడి పట్టిక తెరిచాను. ఏ పేజీ, ఏ వరుస తీసుకున్నామో రాసిపెట్టుకోవాలని మాకు రూలుంది, అదే ఆ రోజు నన్ను కాపాడింది. చదువొచ్చిన ఒకాయన్ని నేను రాసుకున్న ఆ వరుసలోని అంకెలు పైకి చదవమన్నాను. వేలితో నేను ఇళ్లు చూపించుకుంటూ పోయాను. ఊరిపెద్ద గారి డాబా వచ్చింది, దాని వెనక పూరిపాక వచ్చింది, నాగమ్మ గారిల్లూ వచ్చింది. సున్నాలన్నీ సరిపోయాయి. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని పడవలోంచి దించింది.

ఆ తర్వాత సర్వీసున్నన్నాళ్లూ, ఆఫీసులో టైము దండగ అని విసుక్కున్నా సరే, ఇళ్లు ఎంచే పని ఊరివాళ్ల ముందే చేశాను. నాకు చెప్పాల్సిన పాఠం ఆవిడ అప్పుడే చెప్పేసింది.

ఆ రోజు సాయంత్రం ఆవిడ వాళ్ల అరుగు మీద బియ్యం, కిరసనాయిలు, మందుల ఖర్చు అన్నీ ఓపిగ్గా చెప్పింది. నేను లేవబోతుంటే మెల్లగా అడిగింది.

"చెరువులు కొట్టేటప్పుడు కూడా ఇలాగే మా ముందు చీటీ తీస్తారాండీ?"

తీయరని చెప్పే ధైర్యం లేక, ఎదురుగా ఉన్న చెప్పుల కోసం వెతుక్కున్నాను.