శుభ్రం చేసిన గొంతు

విశ్వవిద్యాలయం పాత భవనంలో మెట్ల కింది గదిలో పనిచేసే ఆమెను అందరూ టేపులక్క అనేవారు. భాషాశాఖ, సంగీతశాఖ, కంప్యూటర్ శాఖ కలిసి, మరుగున పడుతున్న పనిపాటలను భద్రపరిచే పని తలకెత్తుకున్నాయి. ఆ పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం.

తాళ్ళు పేనేవాళ్ళ పాటలు తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదని సంగీతం ప్రొఫెసరు తల పట్టుకుంటే, "మా అమ్మకి వచ్చండీ" అని టేపులక్క తల్లిని వెంటబెట్టుకొచ్చింది. మైకు చూసి ముసలామె మొదట బిగుసుకుపోయింది. గొంతు విచ్చుకున్నాక ఇక ఆగలేదు. పాటకీ పాటకీ మధ్య దగ్గింది, నవ్వింది, చరణం మరిచిపోయి తనను తానే తిట్టుకుంది. "పొద్దుట్నుంచీ ఏం తిన్నావే? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో!" అని కూతుర్ని కసిరింది.

కంప్యూటర్ శాఖవాళ్ళు రాసిన ప్రోగ్రాము పాటను మాత్రం ఉంచి, మిగతా చప్పుడంతా ఊడ్చేసింది. దాచుకోవడానికి చోటు చాలక, అసలు రికార్డింగులు తీసేయమన్నారు. టేపులక్కే తీసేసింది. చేతికి అలవాటైన పని, అందులో ఏముందో ఆలోచించలేదు.

ఆ చలికాలంలో తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కసిరే మనిషి లేక ఇల్లు బావురుమంది. అప్పుడు ఆ రికార్డింగులోని కసుర్లు గుర్తొచ్చి, పరుగున వెళ్ళి కంప్యూటర్ ప్రొఫెసరు తలుపు తట్టింది.

"సార్, అమ్మ మాటలు ఎక్కడైనా మిగిలాయేమో చూడండి. ఒక్క ముక్క చాలు."

ఆయన భోజనం మాని వెతికాడు. చివరికి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "లేవమ్మా. అన్నీ చప్పుళ్ళ కిందే పోయాయి. తప్పు మాదే."

"తీసేసింది నేనే కదండీ" అంది ఆమె. పోట్లాడదామన్నా, తప్పు ఇంకెవరి మీదా వేయలేకపోయింది.

మిగిలిన పాటలను ఫోనులో వేసుకుని ఇంటికొచ్చింది. మంచం దగ్గర పిన్ని ఉంది. చిన్నప్పుడు అమ్మతో కలిసి తాళ్ళు పేనిన మనిషి. కూతురు ఫోనును తల్లి దిండు పక్కన పెట్టి పాట వేసింది. ఊపిరి తీసిన అలికిడైనా లేకుండా, గొంతు నున్నగా సాగింది.

పిన్ని చెవి ఒగ్గి వింది. "ఎవరే ఈవిడ? బాగానే పాడుతోంది. మీ అమ్మ పాటే, ఎక్కడ నేర్చుకుందో!"

తల్లి కాసేపు విని, ఆడే చేత్తో ఫోనును పక్కకు తోసేసింది. అది అమ్మ గొంతేనని చెప్పబోయిన కూతురు, ఫోను తీసుకుని పాట ఆపేసింది.

మర్నాడు పనికి వెళ్ళింది. తెరమీద మరెవరో ముసలామె పాట సిద్ధంగా ఉంది. ప్రోగ్రాము నడపడానికి చెయ్యి రాలేదు. నెల తిరక్కుండానే ఆ గదిలోకి ఇంకో మనిషిని పెట్టుకున్నారు.