ఓరుగల్లు కోట మీదికి తోడేలు మొక్కులవాళ్లను పంపిన సదానందం

నిన్న పొద్దున చాయ్ స్టవ్ మీద పెట్టి ఫోన్ ఎత్తాను.

"యశోదత్తా, నాన్న పోయిండు" అన్నది సదానందం బిడ్డ. తెల్లవారుజామున గుండెలో నొప్పి అన్నాడట. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయిందట.

చాయ్ అంతా పొంగిపోయింది.

మొన్న ఆదివారమే గంటసేపు మాట్లాడాడు. మోకాళ్ల నొప్పులు, పెన్షన్, నా వంట మీద రెండు జోకులు. అట్లాంటి మనిషి పోతాడని ఎట్లా అనుకుంటాం?

మీలో చాలామందికి ఆయన రిటైర్డ్ లెక్చరర్, కొత్తవాడ సదానందం సార్. నాకు మాత్రం వరంగల్‌లో వీడియో గేమ్ తయారు చేసిన మొట్టమొదటి మనిషి. కాదనేవాళ్లు కామెంట్స్‌లోకి రండి, నేను రెడీ.

ఎనభైల చివర. హనుమకొండలో ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్. ఉన్నది ఒకటే కంప్యూటర్, దానికి ఒక చిన్న టీవీ. రాసిన ప్రోగ్రాంను పాటల క్యాసెట్‌లోకి ఎక్కించి దాచుకోవాలి.

క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ధర్మసాగర్ నుంచి బస్సులో వచ్చేదాన్ని. మా నాయినది గొర్ల మంద. "కంప్యూటర్ నేర్సి ఏం జేస్తవు బిడ్డా" అని రోజూ అడిగేవాడు. సెంటర్‌లో ఎగ్జిబిషన్ ఉందని చెప్తే, "అచ్చి సూస్త. మంచిగనిపిస్తె సదువు, లేకుంటే బంద్" అని ఖరాఖండిగా చెప్పేశాడు.

ఆ ఎగ్జిబిషన్ కోసమే నేనూ, నాతోపాటు అదే క్లాసులో నేర్చుకునే సదానందం కలిసి గేమ్ మొదలుపెట్టాం. కాకతీయుల కాలం. ఓరుగల్లు కోట గోడ మీద ఒక కావలివాడు, చేతిలో బల్లెం. మరి మీదికి వచ్చే శత్రువులెవరు?

సెంటర్ సార్ చరిత్ర పుస్తకం తెరిచి ఫలానా సైన్యాన్ని పెట్టమన్నాడు. సదానందం వినలేదు. "వద్దు సార్. ఎవ్వలను పెట్టినా ఆళ్ల పిల్లలు మన క్లాసులనే ఉన్నరు" అన్నాడు.

అందుకని ఎక్కడా లేనివాళ్లను పుట్టించాడు. తోడేలు మొక్కులవాళ్లు. ములుగు అడవిలో తోడేలు బొమ్మకు మొక్కి, తోడేలు తోలు కప్పుకుని కోట మీద పడతారు. టీవీలోంచి ఊళ కూడా వేయించాడు. నిజానికి అది సైకిల్ పంపు చప్పుడులా ఉండేది. చెప్తే ఒప్పుకునేవాడు కాదు.

బొమ్మలు వేసే పద్ధతి మాత్రం వాళ్లింటిది. వాళ్లు జంఖానాలు, అదే తివాచీలు, నేసేవాళ్లు. వాళ్ల నాయిన గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపి డిజైన్ వేసేవాడు. ఇతను అదే కాగితం తెచ్చి, గడి నింపితే వెలుగు, వదిలేస్తే చీకటి అని మనుషులను వేశాడు.

తోడేలు తోలు ఆ కాసిని గళ్లలో పట్టలేదు. తల మీంచి కిందికి ఒక త్రికోణం లాగి వదిలేశాడు.

ఎగ్జిబిషన్‌కు ముందు రోజు దాన్ని టీవీలో చూశాను. అది తోలు కాదు. వానలో మా నాయిన నెత్తి మీద కప్పుకునే గొంగడి.

నాకొక్కదానికే కాదు, అందరికీ అట్లాగే కనిపించింది. వెనక నుంచి ఒకడు "గొర్లోళ్లచ్చిండ్రు, కొట్టు కొట్టు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. బల్లెం తగిలి గొంగళ్లు ఒక్కొక్కటే పడిపోతున్నాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రేపు మా నాయిన అస్తడు. మంద మీద తోడేలు పడితే కట్టె పట్టుకొని ఎంబడి ఉరికిన మనిషి. ఆయనతోని తోడేలుకు మొక్కిస్తవా? ఇది సూస్తే నా సదువు ఖతం, సమజైతాందా నీకు?"

సదానందం సాకులు చెప్పలేదు. మొహం చిన్నబోయింది. "నాకు తోలే కనబడ్డది యశోదా. జర ఆలోచన జెయ్యకపోతి" అన్నాడు.

"ఇప్పుడు ఎవ్వల బట్టలేస్తవు మరి? ఎవ్వలియి ఏసినా ఎవ్వలకో తాకుతది" అన్నాను. నా కోపం సంగతి మీకు తెలుసు కదా, అంత తొందరగా దిగదు.

సదానందం గళ్ల కాగితం ముందేసుకున్నాడు. బస్సు పోతుంది, నడువు అని నన్ను పంపించేశాడు.

మర్నాడు మా నాయిన వచ్చాడు. భుజాన గొంగడి. అందరి ముందు టీవీ ఎదురుగా కుర్చీ వేశారు.

అడవి వైపు నుంచి తోడేలు మొక్కులవాళ్లు వచ్చారు.

నెత్తి మీది త్రికోణం కాళ్ల దగ్గరికి దిగి బెల్‌బాటం ప్యాంటయింది. కళ్లున్న చోట రెండు పెద్ద తెల్లటి గళ్లు, సోడాబుడ్డి అద్దాలు. బక్క పలచని మనిషి, కొంచెం వంగిన నడక. ఫ్యాషన్ పోయి ఎన్నేళ్లయినా ఆ సెంటర్‌లో బెల్‌బాటం వేసేవాడు ఒక్కడే. సదానందాల దండు ఊళ వేసుకుంటూ కోట ఎక్కుతోంది.

సెంటర్ సార్ తల పట్టుకున్నాడు. "కాకతీయుల కాలంల బెల్‌బాటం ఏందివయ్యా?"

"తోడేలుకు మొక్కెటోళ్లు ఎట్లుంటరో మీరు సూసిండ్రా సార్?" అన్నాడు ఇతను దర్జాగా.

మా నాయిన టీవీని చూశాడు. పక్కన నిలబడ్డవాణ్ని చూశాడు. "గీ పిలగాడే కదా?" అని నన్నడిగాడు.

సదానందమే ఆయన వేలు పట్టి మీట మీద పెట్టాడు. "నేనే కాకా. ఏం ఫికర్ జెయ్యకు, కొట్టు."

మా నాయిన కొట్టాడు. ఒక సదానందం పడ్డాడు. ఇంకొకడు పడ్డాడు. వెనక లైన్‌లో వాళ్లు విసుక్కుంటున్నా కుర్చీ వదల్లేదు. నలుగురిలో ఆయన అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

తిరుగు బస్సులో మా నాయిన రెండు టికెట్లు తీసుకున్నాడు. తర్వాత "రేపు క్లాసు ఎన్నింటికి?" అన్నాడు. బంద్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ కంప్యూటర్ల మీదే బతికాను. బాగా బతికాను.

నిన్న వాళ్లింట్లో చుట్టాలలో ఒక పెద్దామె నన్ను చూసి "ఆయనకు నువ్వేమైతవు బిడ్డా?" అని అడిగింది. దోస్తును అన్నాను.

ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే చాలలేదు. మా నాయిన ముందు నేను తల దించుకోకుండా ఉండడానికి, ఆ మనిషి తన మొహాన్నే తీసుకుపోయి శత్రువుకు పెట్టాడు. దానికి నేనేమవుతానో ఆమెకు ఎట్లా చెప్పాలి?

పోయిరా సదానందం. అక్కడ నిన్ను కొట్టేటోళ్లు ఎవరూ ఉండరు. నిమ్మళంగా ఉండు.