గాలి అంటే ఏ గాలి

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట ఇలా లాక్కోండి. గొంతు పెంచే ఓపిక నాకు తగ్గింది గానీ, చెప్పే ఓపిక తగ్గలేదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. బందరులో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరాను. వెనకాల వంటశాల దాటాక ఒక చీకటి కొట్టు ఉండేది. మతి చెదిరిన వాళ్ళను అందులో పెట్టి గడియ వేసేవారు. అన్నం పళ్ళెం తలుపు కింద నుంచి తోసేవారు. నేను గడియ తీసి లోపలికెళ్ళి, ఒకావిడ ఎదురుగా కూర్చుని తినిపించాను.

"ఏవే, నీకూ పిచ్చా?" అన్నది పెద్ద నర్సు.

"నాకు కాదండీ, ఆవిడకి ఆకలి" అన్నాను.

జవాబు పొగరుగా ఉందని డాక్టరుగారికి చెప్పింది. ఆయన తిడతారనుకుంటే, పెద్ద మానసిక ఆసుపత్రికి నర్సు ట్రైనింగుకు పంపారు. తిరిగొచ్చి కొన్నేళ్ళు బందరులోనే చేశాను. తరవాత గుడివాడలో ఒక కాలేజీవారు ఆడపిల్లల హాస్టలుకు నర్సు కావాలంటే వెళ్ళాను.

నేను వెళ్ళేసరికే ఎక్కడి నుంచి వస్తున్నానో అందరికీ తెలిసిపోయింది. మొదటి రోజు భోజనాల దగ్గర ఒక గడుసు పిల్ల అడిగింది.

"అక్కయ్యగారూ, మీరు పిచ్చాసుపత్రిలో చేశారంట గదా. మాలో ఎవరికుందో చెప్పండి."

"అందరికీ కొంచెం కొంచెం ఉందమ్మా. ఏమీ లేనిది ఈ పప్పులోనే, ఉప్పు కూడా లేదు."

ఆ రోజు నుంచి గారు పోయి, ఒట్టి అక్కయ్యనయ్యాను.

ఆ హాస్టల్లో దివిసీమ పిల్ల ఒకతె ఉండేది. నాగాయలంక దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. అక్కడి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల తనే. వచ్చే వేసవిలో తనకు ఆఖరి పరీక్షలు. దీపావళి వెళ్ళాక ఒక మధ్యాహ్నం తూర్పు గాలి లేచింది. ఆ పిల్ల కిటికీలన్నీ మూసి, వోణీతో తన నడుముని కిటికీ ఊచకు కట్టేసుకుంది. "గాలి వస్తోంది, గాలి వస్తోంది" అని ఒకటే కేకలు. గదిలో పిల్లలు హడలిపోయి వార్డెనమ్మ దగ్గరికి పరుగెత్తారు.

"దీనికి గాలి పట్టింది" అన్నది వార్డెనమ్మ. మా వైపు గాలి పట్టిందంటే దయ్యం సోకిందనే. ఆవిడ పిల్ల తండ్రికి తంతి కొట్టించింది. బంటుమిల్లి నుంచి భూతవైద్యుణ్ణి కూడా పిలిపించింది. వేపమండలు పట్టుకుని వచ్చినాయన్ని గేటు దగ్గరే ఆపాను.

"ఏవండీ, కాలేజీలో చేరడానికొచ్చారా? అప్లికేషన్ తెచ్చారా?"

గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పిల్ల పక్కన కూర్చుని ముడి విప్పకుండానే అడిగాను. "ఏ గాలమ్మా?"

నాకే మతి పోయినట్టు చూసింది. "ఏ గాలేవిటక్కయ్యా. తుపాను గాలి. మా ఊళ్ళో గాలి వస్తోందంటే, వెనకాలే సముద్రం వస్తోందని. చిన్నప్పుడు అమ్మ నన్ను తాటిచెట్టుకి కట్టింది. నా ముడి బిగించింది. తనది బిగించుకునే టైము లేకపోయింది."

అది దయ్యం కాదు, భయం. భయానికి వైద్యముంది. ఆ సంగతే వార్డెనమ్మకు చెప్పాను. ఆవిడ వినలేదు. మర్నాడు తండ్రి వచ్చేసరికి పిల్ల పెట్టె సర్దించి జట్కా పిలిపించింది. పరీక్షలు వచ్చే ఏడు రాసుకోవచ్చంది. గాలి పట్టిందని ఇంటికి పంపిన పిల్లకు వచ్చే ఏడు ఉండదని నాకు తెలుసు. వెళ్ళి హాస్టలు గడపలో అడ్డంగా కూర్చున్నాను.

"లేవండి" అన్నది వార్డెనమ్మ.

"లేవనండి. దాటి వెళ్ళమనండి."

పెట్టె నెత్తిన పెట్టుకున్న జట్కా అతను ఆగిపోయాడు. "మనిషిని దాటకూడదండీ, పాపం. నావల్ల కాదు" అని పెట్టె దించేశాడు.

ప్రిన్సిపాలు గారు వచ్చారు. "ఏమిటమ్మా ఈ మొండితనం? మిగతా పిల్లలు భయపడుతున్నారు."

"భయపడ్డవాళ్ళను చూడ్డానికేగా నన్ను పెట్టుకున్నారు. పంపెయ్యడమే వైద్యమైతే నర్సెందుకండీ, జట్కా చాలు."

"మళ్ళీ ఇలా జరిగితే?"

"జరుగుతుందండి. తుపాన్ల కార్తీకం ఇంకా పోలేదు. నేను చూసుకుంటాను."

"చూసుకోలేకపోతే?"

"ఆ జట్కాలో నా పెట్టె కూడా ఎక్కించండి."

అప్పటిదాకా తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడ్డ తండ్రి నోరు విప్పాడు. "గాలంటే మా ఊళ్ళో అందరికీ భయమేనండి. నాకూ భయమే. నన్నెక్కడికి పంపుతారు?" అని కూతురి వైపు తిరిగాడు. "నీకు చదువుకోవాలనుందా అమ్మా?"

"ఉంది నాన్నా."

ప్రిన్సిపాలు గారు సరేనన్నారు. తండ్రే పెట్టె భుజాన వేసుకున్నాడు. నేను లేచి దారిచ్చాను. పెట్టె లోపలికి వెళ్ళింది.

అన్నట్టే గాలి మళ్ళీ వచ్చింది. భయపడకని నేను చెప్పలేదు. కిటికీలు మూసి, గదిలో పిల్లలందరం కింద కూర్చున్నాం. ముడి లేకపోతే తనకు ఊపిరాడదంది ఆ పిల్ల. సరేనని వోణీ కొంగులు ఒకరివి ఒకరికి ముడేసుకుని, మధ్యలో వేరుశనక్కాయలు పోసుకుని ఒలుచుకున్నాం. గడుసు పిల్ల మాత్రం "అక్కయ్యా, నాకు బాత్రూముకెళ్ళాలి, ఇప్పుడందరూ రావాలా" అన్నది. దివిసీమ పిల్ల ముందు నవ్వింది, తరవాత తనే ముడి విప్పింది. ఆ వేసవిలో పరీక్షలన్నీ రాసింది, పాసైంది.

వార్డెనమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆవిడ బదిలీ అయి వెళ్ళాక పిల్లలంతా కలిసి ప్రిన్సిపాలు గారి గదికి వెళ్ళి, హాస్టలు నాకే అప్పగించమన్నారు. ఎనిమిదో తరగతి ఆవిడకు హాస్టలా అని కొందరు లెక్చరర్లు ముఖం చిట్లించారు. "పాఠాలు మీరే చెప్పండి. పాఠం దాకా పిల్లను నేను తీసుకొస్తాను" అన్నాను. రిటైరయ్యేదాకా ఆ వార్డెను కుర్చీ వదల్లేదు. మనసు బాగాలేదన్న కారణం మీద ఒక్క పిల్ల పెట్టె కూడా ఆ గేటు దాటనివ్వలేదు. దాటించాలని చూసినవాళ్ళు లేకపోలేదు.

ఇంతసేపు విన్నారు. మీ వంటింట్లో పొయ్యి వేళకు వెలగాలి, మీ కుండలో అన్నం మరొకరికి కూడా మిగలాలి. మీ ఇంటి ఆడపిల్లలు మొదలుపెట్టిన చదువు ఆఖరిదాకా చదవాలి. చల్లగా ఉండండి.