మూడుసార్లు తిప్పిన తాళం

ఊళ్లో కారున్న ప్రతివాడూ ఆ మెకానిక్ చేత చీవాట్లు తిన్నవాడే. "నీళ్లలో బండి ఆగిపోతే దిగి తోసుకురండి. తాళం మాత్రం తిప్పొద్దు. ఇంజన్లోకి నీళ్లు పోయాక తిప్పారంటే లోపల కడ్డీలు వంగిపోతాయి" అని ముప్పై ఏళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. అందుకే తాళం మాస్టారని పేరు పడింది. ఆ పేరు వింటే లోలోపల మురిసిపోయేవాడు కూడా.

అలాంటివాడు ఆ వానరోజున బావ టాక్సీని తనే నడుపుతూ అక్కను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తూ వంతెన కింద వరద నీళ్లలో చిక్కుకున్నాడు. బండి ఆగిపోయింది. గట్టున నిలబడ్డవాళ్లలో ఒకడు, ఒకప్పుడు అతని చేత తిట్లు తిన్నవాడే, "ఏం తాళం మాస్టారూ, మీరూ దిగి తోస్తారా?" అని కేకేశాడు. అందరూ గొల్లున నవ్వారు. అంతే, రోషం పొడుచుకొచ్చింది. తాళం తిప్పాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఇంజను టక్కుమని బిగుసుకుపోయింది. ఆ చప్పుడేమిటో వెనక సీట్లో ఉన్న అక్కకు తెలియదు. అతనికి తెలుసు.

మర్నాడు షెడ్డులో సీట్లు ఊడదీసి ఎండబెట్టాడు. ప్లగ్గులు విప్పితే నీళ్లు చిమ్మాయి. అవన్నీ బాగుచేయొచ్చు. కానీ కడ్డీలు మూడు వంగిపోయాయి, ఆ పాత బండికి సామాను ఎక్కడా దొరకదు.

పందొమ్మిదేళ్లుగా ఆ బండినే నమ్ముకుని బతికిన బావ వచ్చి చూశాడు. "తప్పు నాదేరా. ఆ దారిన రమ్మని ఫోన్లో చెప్పింది నేనే కదా" అన్నాడు.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. మెకానిక్ నోరు తెరిచాడు కూడా. "వరద కదా బావా, ఏ ఇంజనైనా అంతే" అన్న మాటే బయటికొచ్చింది. తల కొట్టేసినట్టయింది. అయినా దిద్దుకోలేదు, మాస్టారు కదా మరి!

బావ డ్రైవింగు మానేసి గోదాములో మూటలు మోసే పనికి కుదిరాడు. పది రోజులకు అక్క షెడ్డుకొచ్చింది. "మీ బావ అన్నం దగ్గర కూడా తలెత్తట్లేదురా. రోజూ నన్ను క్షమించమంటున్నారు. నువ్వైనా కాస్త చెప్పరా" అంది.

ఇక ఆగలేకపోయాడు. చేతుల మసి కూడా కడుక్కోకుండా గోదాముకు పరుగెత్తాడు. "తాళం తిప్పింది నేను బావా. నలుగురూ నవ్వారని తిప్పాను. నీ తప్పేం లేదు" అని ఏడ్చేశాడు.

బావ కేకలెయ్యలేదు. భుజం మీది మూట కిందికి దించాడు.

"నిన్న బడి బస్సు నడపమని పిలిచార్రా. నాలాంటివాడి చేతికి పిల్లల్ని అప్పగించొద్దని చెప్పొచ్చాను" అన్నాడు.

"ఇప్పుడే వెళ్లి మాట్లాడదాం పద బావా!"

"పొద్దున్నే వేరేవాణ్ణి పెట్టుకున్నారు" అంటూ బావ వంగి మరో మూట భుజానికెత్తుకున్నాడు.