గొంతు పోయిన కంప్యూటర్

మాదాపూర్ ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. సిద్దిపేట వైపు పిల్ల. మేం తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం మా ఇద్దరి పని. తెర మీద ఉన్నదంతా కంప్యూటర్ ఆమె ఇయర్‌ఫోన్‌లో చదివి వినిపిస్తుంది. అవే అక్షరాలు కీబోర్డు ముందున్న బ్రెయిలీ పరికరం మీద చిన్న చిన్న చుక్కలుగా లేస్తాయి. వేళ్లతో తడిమి చదువుకుంటుంది. నాకంటే చాలా చిన్నది. నన్ను అక్కా అంటుంది.

ఒక సోమవారం పొద్దున కంప్యూటర్ తనంతట తానే డ్రైవర్లను అప్‌డేట్ చేసుకుంది. పక్కన తగిలించిన పరికరాలతో కంప్యూటర్‌ను మాట్లాడించే ప్రోగ్రాములే ఈ డ్రైవర్లు. అంతే, ఇయర్‌ఫోన్ మూగబోయింది. చుక్కలూ లేవలేదు. మధ్యాహ్నం ఆమె క్లయింటుకు డెమో ఇవ్వాలి. సపోర్టు వాళ్లకు ఫోన్ చేస్తే ఆఫీసంతా ఇదే గోల అనీ, సాయంత్రందాకా రాలేమనీ అన్నారు.

నేను కంగారుగా ఆమె వైపు తిరిగాను. "డెమో రేపటికి మార్పిద్దామా?" అన్నాను.

"ఎందుకక్కా పరేషాన్ అయితవ్? నీ కండ్లు జర నాకియ్యి. తెర మీద ఏమున్నదో చదువు, చాలు."

ఆమె కీలు నొక్కుతూ పోయింది, నేను చదువుతూ పోయాను. పరికరాల పేర్లన్నీ వచ్చాయి. సౌండు దగ్గర ఆగాం. "పాత డ్రైవర్‌కి వెళ్లే బటన్ ఉంది, నొక్కెయ్" అన్నాను తొందరపడి. నొక్కింది. ఏమీ జరగలేదు.

"ఆ బటన్ మసకగ ఉన్నదా అక్కా?"

చూస్తే మసకగానే ఉంది. అంటే నొక్కినా పని చేయదు.

"నువ్వు అనుకున్నది చెప్తున్నవ్. గక్కడ ఉన్నది చెప్పు," అంది నవ్వుతూ.

అప్పటి నుంచి ప్రతి మాటా ఉన్నదున్నట్టు చదివాను. ఆమె తల కొంచెం పక్కకు వంచి విని, మరో దారిలో వెళ్లి, కంప్యూటర్‌లో ముందే ఉన్న మామూలు సౌండు డ్రైవర్‌ను ఎంచుకుంది. ఇయర్‌ఫోన్‌లోంచి సన్నగా గొంతు వినిపించింది. అంత వేగంగా చదివే ఆ గొంతు నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆమె ముఖం మాత్రం విచ్చుకుంది.

"ఇగ నేను చూస్కుంట. నువ్వు పోయి చాయ్ తాగు."

నేను కదల్లేదు. బ్రెయిలీ పరికరానికి వచ్చిన కొత్త డ్రైవర్‌ను తీసేసి, పాతది నెట్ నుంచి దింపుకుని, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసింది. చుక్కలు వరసగా లేచాయి. వాటి మీదుగా ఆమె వేళ్లు పరుగెడుతుంటే చూస్తూ నిలబడిపోయాను.

డెమో అనుకున్న వేళకే మొదలైంది. పొద్దున ఏం జరిగిందో అవతలి వాళ్లకు తెలియనే లేదు. మధ్యలో ఒకాయన చిక్కు ప్రశ్న వేశాడు. ఆమె నెమ్మదిగా, విడమరచి జవాబు చెప్పింది. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్న నేను, అలాంటి పొద్దు గడిచాక అంత నిమ్మళంగా మాట్లాడగలిగేదాన్ని కాదు.

బయటికొచ్చాక ఆ మాటే చెప్పాను.

"ఆకలైతుందక్కా," అంది చెయ్యి అందిస్తూ. "క్యాంటీన్ బందయ్యేలోపు పోదాం పా."